టిఫిన్ డబ్బాలో తూకం

పలాసలో గాలికి కూడా జిడ్డుంటుంది.
పిక్క కాల్చిన పొగ నా చొక్కాకి పట్టి
రాత్రి లాడ్జి దిండుకీ పట్టింది.

గోడవతల షెడ్డులో నూట నలభై మంది ఆడవాళ్లు.
పొట్టు తీసిన పప్పు కాటా మీద పెడితే
కాటా ఒక చిన్న సందేశం రాస్తుంది:
పేరు, కిలోలు, గుండో బద్దో.
వేలిముద్ర అడగదు. జీడిరసం తినేసిన వేళ్లకి
ముద్రలెక్కడివి, మెడలో కార్డే.
ఆ సందేశం విజయనగరం ఆఫీసుకి చేరితేనే
శనివారం ఖాతాలో డబ్బు.

తొమ్మిది రోజులుగా చేరడం లేదు.
క్యూలో రెండువేల మూడువందల పద్నాలుగు తూకాలు
రేషన్ డిపో ముందు
మనుషుల బదులు నిలబెట్టిన సంచుల్లా.

విజయనగరంలో కొత్త ఫైర్‌వాల్ పెట్టారు.
మా క్యూ రోజూ వెళ్లే పోర్టు మూసేశారు.
వెబ్ పేజీలు వచ్చిపోయే గుమ్మం ఒక్కటే తెరిచి ఉంది.
ఫోన్ చేశాను. "రూలండి" అన్నాడు,
కొళాయిలో నీళ్లు రావండి అన్నంత మామూలుగా.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్మారావు
సాయంత్రం ఆరింటికి ఒక్కో టిఫిను మూత తీయించి
పప్పు దాచారేమోనని వేలుపెట్టి చూస్తాడు.
నాలుగు మెతుకులు, కొరికిన ఉల్లిపాయ.
మూటైతే ఆపేస్తాడు. టిఫినైతే పోనిస్తాడు.
అక్కడ టీ తాగుతుంటే తట్టింది.

ఇక్కడొక ప్రాక్సీ. అక్కడొక ప్రాక్సీ.
ఇక్కడిది తూకాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి
మూత మీద వెబ్ పేజీ అడిగినట్టే
నాలుగు మర్యాద ముక్కలు రాస్తుంది.
గోడ మూత చదివి ఊఁ అంటుంది.
అక్కడిది మూత విప్పి
తూకాన్ని తూకంగానే అప్పజెబుతుంది.
మధ్యలో డబ్బా ఉందని రెండు క్యూలకీ తెలీదు.
ఎదురెదురు అరుగుల మీద
మాట్లాడుకుంటున్నామనుకుంటాయి.

(దొంగతనం కాదు. ఆ రూలు మనిషి చేతే సంతకం పెట్టించాను.)

కలిసింది. నిమిషంలో తెగింది.
మళ్లీ కలిసింది. మళ్లీ నిమిషం.
నోరు మెదపనివాణ్ణి గోడ అరవై సెకన్లే నమ్ముతుందట.
ముప్పై సెకన్లకోసారి ఒక మూలుగు పెట్టాను:
ఉన్నాను. ఉన్నాను.

ఇంకో పేచీ. ఈ దారిలో అడిగినవాడికే జవాబు.
విజయనగరం తనంతట తాను పలకదు,
"అందింది" అన్న ముక్క కూడా మనమే వెళ్లి తెచ్చుకోవాలి.
అందుకని ఇక్కడినుంచి ఖాళీ డబ్బా
పోతూ వస్తూ ఉంటుంది:
ఏమైనా ఉందా? ఏమైనా ఉందా?

తవిటమ్మ రోజూ నా కిటికీ దగ్గర ఆగుతుంది.
"బావూ, డబ్బులు పడ్నాయేటి?"
లేదంటే ఏమీ అనదు. మర్నాడు మళ్లీ అడుగుతుంది.
ఆమెకి ఎవరూ చెప్పలేదు,
అడగకపోతే తెగిపోతుందని.

శుక్రవారం రాత్రి ఏడున్నరకి అంకె కదిలింది.
రెండువేల మూడువందలు. పద్దెనిమిది వందలు.
వానకి చూరు కారినట్టు గబగబా, తర్వాత చుక్కచుక్కగా
నలభై, పదకొండు, సున్నా.

సున్నా. కానీ అవతల
చిరునామా దొరకని ఉత్తరాల క్యూలో ఒకటి.
దాలమ్మ. పదకొండు కిలోలు. గుండు.
పనికి రావడం లేదని
విజయనగరంలో పేరు కొట్టేశారట.
సొరంగం తప్పు కాదు. మోసుకెళ్లింది, దింపింది.
తీసుకునే చెయ్యే లేదు.

కిటికీ అవతల తవిటమ్మ.
పడతాయి, రేపు పడతాయి, అన్నాను.
"దాలక్కవో?"
రావట్లేదు కదా, అన్నాను.
"రానిది ఈ వారం బావూ. సేసింది పోయినోరం."

దీనికి మూత మీద ఏం రాయాలో నాకు తెలీలేదు.
కాగితం మీద పేరు, కిలోలు రాసుకున్నాను.
తెల్లారి ఐదున్నరకి విజయనగరం పాసింజరు.

గేటు దగ్గర కూర్మారావు
నా టిఫిను మూత కూడా తీయించాడు.
జేబు తడమలేదు.